ఈ ఆదివారం ఎక్కడికి? విజయనగరం, శ్రీకాకుళం వారు ప్రకృతి విహారానికి చోటు ఎంచుకునే తీరు

కార్తీకమాసం దగ్గర పడుతోందంటే మా వైపు ప్రతి ఇంట్లోనూ ఈ ఆదివారం ఎక్కడికి పోదామన్న మాట మొదలవుతుంది. విజయనగరం వారికి రామతీర్థం, తాటిపూడి, పుణ్యగిరి, కాస్త దూరమైనా ఫరవాలేదనుకుంటే విశాఖ పొలిమేరలోని కంబాలకొండ గుర్తుకువస్తాయి. శ్రీకాకుళం వారు శాలిహుండం, కళింగపట్నం, తేలినీలాపురం, బారువ పేర్లు తలుచుకుంటారు. వీటిలో ఏది మంచిదని నన్ను అడిగేవారికి జవాబు చెప్పే ముందు నేను రెండు సంగతులు తెలుసుకుంటాను: ఏ నెలలో వెళ్తున్నారు, వెంట ఎవరెవరు వస్తున్నారు. దూరం, ఖర్చు, ఆ చోటికి ఉన్న పేరు వీటి తరువాతే లెక్కకు వస్తాయి.

నెలకు ఇంత ప్రాధాన్యం ఎందుకో నాకు ఒక మే నెల ప్రయాణం నేర్పింది. పక్షులను చూపిస్తానని మా మేనల్లుళ్ళను వెంటబెట్టుకుని విజయనగరం నుంచి సుమారు 130 కిలోమీటర్లు వెళ్ళి తేలినీలాపురం చేరేసరికి, చెట్ల మీద పాత గూళ్ళ పుల్లలు తప్ప మరేమీ కనిపించలేదు. పిల్లలు నన్ను ఒక్క మాట అనలేదు గాని, తిరుగు ప్రయాణమంతా వాళ్ళు కిటికీలోంచి బయటికి చూస్తూ మౌనంగా కూర్చోవడం చాలా కాలం నా మనసులో ఉండిపోయింది. మరుసటి జనవరిలో అదే ఊరికి మళ్ళీ తీసుకువెళ్ళినప్పుడు, చీకటి పడేవరకు వాళ్ళను అక్కడి నుంచి కదిలించడం నా వల్ల కాలేదు.

ముందు నెల సంగతి

మార్చి నెలాఖరు నుంచి తొలకరి పడేదాకా మన తీరంలో ఎండకంటే ఉక్కపోత ఎక్కువగా బాధిస్తుంది. ఆ రోజుల్లో రామతీర్థం వంటి రాతికొండల మీద ఉదయం తొమ్మిది దాటితే కాలు మోపడం కష్టం, తాటిపూడిలో నీరు వెనక్కి తగ్గి గట్టు పొడవునా ఎండిన బురద బయటపడుతుంది. పైగా వేసవి సాయంత్రాల్లో మబ్బు పట్టిన కొద్దిసేపటికే పిడుగులు పడే ప్రాంతం మనది. కొండ మీద గాని, చెరువు గట్టు మీద గాని, ఒంటరి చెట్టు కింద గాని ఉన్నప్పుడు ఉరుము వినిపిస్తే, వాన మొదలయ్యేదాకా ఆగకుండా పక్కా కప్పు ఉన్న కట్టడంలోకి గాని, తలుపులు మూసిన కారులోకి గాని చేరుకోవాలి.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు కొండలన్నీ పచ్చబడతాయి, వాగులు పారతాయి. నడకకు ఇబ్బంది అయినా కంటికి ఇంతకంటే హాయిగా ఉండే కాలం లేదు. అక్టోబరు విషయంలో మాత్రం మనవారికి వేరే చెప్పనవసరం లేదు. 2013 అక్టోబరు 12న పైలీన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాయి. ఇవి మూడూ ఒకే వారంలో రావడం చూసిన తరువాత, అక్టోబరు మొదటి పదిహేను రోజుల్లో సముద్రతీరానికి వెళ్ళే ప్రయాణం దేనికీ నేను ముందుగా డబ్బు కట్టను. హుద్‌హుద్ ధాటికి కంబాలకొండలోనూ, దాని పక్కనున్న జంతుప్రదర్శనశాలలోనూ పెద్ద పెద్ద చెట్లు కూలిపోయాయి. తిత్లీకి శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఈనాడు మనం ఎక్కడైనా ముదురు చెట్టు నీడన నిలబడ్డామంటే, అది ఆ గాలులకు తట్టుకుని మిగిలిన చెట్టని తెలుసుకుని నిలబడితే బాగుంటుంది.

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి వరకు అన్ని చోట్లకూ అనువైన కాలం. అందులోనూ కార్తీక ఆదివారాల్లో జనం విపరీతంగా ఉంటారు కనుక, ఆ మాసం గడిచిన తరువాత వచ్చే డిసెంబరు, జనవరి నెలలే నా దృష్టిలో మేలైనవి. ఇక చోట్ల సంగతికి వద్దాం.

తేలినీలాపురం

శ్రీకాకుళం నుంచి అరవై, అరవై అయిదు కిలోమీటర్ల దూరంలో, టెక్కలి దాటాక నౌపడకు దగ్గరగా ఉన్న ఈ ఊరికి ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి, ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టుకుని, పిల్లలను పెంచుకుని, మార్చి, ఏప్రిల్ నాటికి వెళ్ళిపోతాయి. గూడబాతులను ఇప్పుడు అందరూ పెలికాన్లనే అంటున్నారు. ఊళ్ళో చాలామంది వీటిని సైబీరియా పక్షులని చెబుతారు, పిల్లలకు బడిలో కూడా ఆ మాటే వినిపిస్తుంది. నిజానికి ఈ రెండు జాతులూ దక్షిణాసియావే. నీరూ చేపలూ ఉన్న చోటును వెతుక్కుంటూ మన దేశంలోనే ఒక ప్రాంతం నుంచి మరొక ప్రాంతానికి మారుతుంటాయి. సైబీరియా పక్షులని అనడం వల్ల వాటి గౌరవం పెరిగిందేమీ లేదు. మనవే అని తెలిస్తే వాటిని కాపాడుకోవలసిన బాధ్యత కూడా మనదేనని పిల్లలకు సులువుగా అర్థమవుతుంది.

ఈ ఊరిని మిగతా చోట్లన్నిటికంటే పైన నిలిపేది అక్కడ మనకు కనిపించే జీవితం. గూళ్ళు ఎక్కడో దూరపు లంకలో కాక ఇళ్ళ మధ్య, పెరటి చెట్ల మీద ఉంటాయి. నాలుగు నుంచి ఆరు కిలోల బరువుండే పక్షి రెక్కలు చాచి చింతకొమ్మ మీద వాలుతుంటే, ఆ కొమ్మ వంగి లేవడం కింద నిలబడి చూడవచ్చు. తల్లి తిరిగి రాగానే పిల్ల పక్షి దాని ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చి తిండి తీసుకుంటుంది. పక్షిపిల్లల అరుపులతో ఊరంతా సంత రోజులా ఉంటుంది. ఎర్రకాళ్ళ కొంగల పద్ధతి వేరు: ముక్కును సగం తెరిచి నీటిలో ముంచి అటూ ఇటూ ఊపుతూ నడుస్తాయి, చేప తగలగానే ముక్కు మూసుకుంటుంది. కంటితో చూడకుండా స్పర్శతో వేటాడే ఈ పద్ధతికి లోతు తక్కువ నీరు కావాలి. నౌపడ ఉప్పుమళ్ళ చుట్టుపక్కల, మనవాళ్ళు తంపర అని పిలిచే చిత్తడి నేలలే వాటికి ఆ నీటిని ఇస్తున్నాయి. గూడు ఊళ్ళోనూ మేత తంపరలోనూ ఉంటేనే ఈ రాకపోకలు సాగుతాయి. అందుచేత తేలినీలాపురం చూసిన వారు తిరిగి వచ్చేటప్పుడు నౌపడ వైపు కొంతసేపు ఆగి ఆ నేలలను కూడా చూడాలని నా మనవి.

ఈ పక్షులు వస్తే ఊరికి మంచిదని గ్రామస్థులు నమ్ముతారు. రెట్టల వాసన, గోల, పెరట్లో పడే చేపముక్కలు అన్నీ ఓర్చుకుని, ఇంటి చెట్టును నరకకుండా ఉంచుకునే వారి సహనం లేకపోతే అక్కడ చూడడానికి ఏమీ ఉండదు. కనుక వెళ్ళినవారు తామొక ఊరికి అతిథులమన్న సంగతి మరవకూడదు. రాళ్ళు రువ్వి పక్షులను లేపడం, గూళ్ళకు అతి దగ్గరగా డ్రోన్ ఎగరేయడం, పాటలు పెట్టడం వంటివి చేసేవారికి నేను ఈ చోటును సూచించను. బెదిరిన తల్లి గూడు వదిలి లేచినప్పుడు గుడ్లూ పసికూనలూ ఎండ పాలో, కాకుల పాలో అవుతాయి.

వెళ్ళవలసిన సమయం తెల్లవారి ఏడు నుంచి తొమ్మిదిన్నర లోపు, లేదా సాయంత్రం నాలుగు తరువాత. మధ్యాహ్నం పెద్ద పక్షులు చాలావరకు మేతకు వెళ్ళి ఉంటాయి. అటవీశాఖ కట్టిన వాచ్ టవర్ ఎక్కితే గూళ్ళు కంటి ఎత్తులోకి వస్తాయి. ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే మామూలు బైనాక్యులర్ ఒక్కటి ఉంటే కుటుంబమంతటికీ సరిపోతుంది. మంచి హోటలు కోసం టెక్కలిదాకా వెనక్కి రావలసి ఉంటుంది కనుక, ఇంటి నుంచి పులిహోరో చపాతీలో క్యారేజీలో పెట్టుకుని వెళ్ళడం ఉత్తమం. మరుగుదొడ్డి అవసరం కూడా టెక్కలిలోనే తీర్చుకుని వెళ్ళాలని ఇంట్లో ఆడవారికీ వృద్ధులకూ ముందే చెప్పండి.

వానాకాలంలో పక్షులను చూడాలన్న కోరిక ఉంటే దారి ఇచ్ఛాపురం వైపు తిరగాలి. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి జూన్, జులై నెలల్లో నత్తగుల్ల కొంగలు వస్తాయి. ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలి ఉండడం వీటి గుర్తు. వరిమళ్ళలోనూ చెరువుల్లోనూ దొరికే నత్తలే వీటి ప్రధానమైన ఆహారం కాబట్టి నాట్ల కాలానికి సరిగ్గా వచ్చి గూళ్ళు కట్టుకుంటాయి. ఇవి వస్తే వానలు బాగా పడతాయని అక్కడి రైతుల నమ్మకం. శ్రీకాకుళం నుంచి 130 కిలోమీటర్ల పైచిలుకు దూరం కనుక పక్షులంటే నిజమైన ఇష్టం ఉన్నవారికే ఈ ప్రయాణం చెప్తాను. అయితే జులైలో తేలినీలాపురం వెళ్ళి ఖాళీ చెట్లు చూడడంకంటే, మరో రెండు గంటలు ఓపిక పట్టి తేలుకుంచి చేరడం ఎంతో నయం.

కంబాలకొండ

తేలినీలాపురంలో మనం నిలబడి చూస్తాం, కంబాలకొండలో నడుస్తాం. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే రెండింటిలో ఏది కావాలో సగం తేలిపోతుంది. విజయనగరం నుంచి ఆనందపురం మీదుగా సుమారు యాభై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ వెళ్తే, విశాఖ నగరం మొదలయ్యే చోటనే ఈ అభయారణ్యం ఉంది. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉన్న ఈ అడవి 1970లో అటవీశాఖ చేతికి వచ్చింది. దాదాపు 71 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న ఈ అడవిలో మనలను రానిచ్చేది ముందుభాగాన ఉన్న విహారకేంద్రం, దానిలోంచి సాగే కొన్ని కాలిబాటల వరకే. అది ఉండవలసిన తీరే అని నా అభిప్రాయం.

ఇక్కడికి వెళ్ళేవారు ఒక విషయంలో ముందుగానే మనసు కుదుటపరుచుకోవాలి. కంబాలకొండలో చిరుతపులులూ దుప్పులూ అడవిపందులూ నక్కలూ ఉన్నా, పగటిపూట బాట మీద నడిచేవారికి అవి కనిపించడం అరుదు. జంతువులు కనిపిస్తాయని ఆశపెట్టి తీసుకువెళ్తే పిల్లలు నిరాశపడతారు. చెట్లూ సీతాకోకచిలుకలూ పుట్టలూ రాలిన ఈకలూ కాలిముద్రలూ చూద్దామని చెప్పి తీసుకువెళ్తే ప్రతి పది అడుగులకూ ఏదో ఒకటి దొరుకుతుంది. ఇది మన తూర్పుతీరంలో మిగిలిన పొడి సతతహరిత అడవి. ఆకులు చిన్నవిగా, మందంగా ఉంటాయి, చెట్లు పెద్ద ఎత్తు పెరగవు, మధ్యమధ్య తుప్పలూ గడ్డిబయళ్ళూ కనిపిస్తాయి. అరకు దారిలోని కాఫీతోటల నీడకు అలవాటుపడిన వారికి మొదటి చూపులో ఇది వెలవెలబోతున్నట్టు అనిపించవచ్చు. సముద్రపు గాలినీ తుపానులనూ వేసవినీ కలిపి తట్టుకునే అడవి ఇలాగే ఉంటుందని తెలిసిన తరువాత దాని మీద గౌరవం కలుగుతుంది.

పన్నెండేళ్ళు దాటిన పిల్లలూ కళాశాల విద్యార్థులూ ఉన్న బృందానికి నా మొదటి సలహా కంబాలకొండే. నడవడానికి గుర్తుపెట్టిన బాటలు, నీటి అంచున కూర్చోవడానికి చోటు, తాళ్ళ మీద సాగే సాహసక్రీడలు ఒకే ఆవరణలో ఉన్నాయి. జులై నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడు వెళ్ళినా బాగుంటుంది, వానలు పడిన మరునాడు మాత్రం బాటలు జారుతాయి. కాలు మొత్తం కప్పే బూట్లు వేసుకోవాలి. పాముల విషయంలో, ముఖ్యంగా ఎండుటాకుల్లో కలిసిపోయే రక్తపింజరి విషయంలో, బాట వదలకుండా, చేయి పెట్టే ప్రతి రాయినీ ముందు చూసి పెట్టడం తప్ప వేరే రక్ష లేదు. ఎక్కువ దూరం నడవాలనుకునేవారు గేటు దగ్గరే అటవీ సిబ్బందితో మాట్లాడి, ఏ బాట తెరిచి ఉందో, ఎప్పటిలోగా తిరిగి రావాలో కనుక్కుని బయలుదేరాలి.

అయిదారేళ్ళ పిల్లలకు జంతువులే కావాలంటే, దగ్గరలోనే ఉన్న ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాలకు వెళ్ళడం సరైన పని. 1977లో ప్రారంభమైన ఈ ప్రదర్శనశాల కంబాలకొండ అడవి నడుమనే 625 ఎకరాల్లో ఉంది. సోమవారం సెలవు. ఉదయం కంబాలకొండ, మధ్యాహ్నం జూ అని రెండూ ఒకే రోజులో చుట్టి రావాలనుకునేవారిని నేను వారిస్తాను. చివరికి పిల్లలు అలసిపోయి రెండింటిలో ఏదీ గుర్తుపెట్టుకోరు.

తాటిపూడి

విజయనగరం నుంచి గంట్యాడ మీదుగా పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, అనంతగిరి కొండల నుంచి దిగివచ్చే గోస్తనీ నదికి అడ్డంగా 1960వ దశకంలో కట్టిన జలాశయం ఇది. పదిహేను వేల ఎకరాలకు పైగా పొలాలకు నీరిస్తూనే విశాఖ నగరానికి తాగునీరు కూడా అందిస్తున్నది. మూడు వైపులా కొండలు, మధ్యలో నిండు నీరు ఉండే సెప్టెంబరు నుంచి జనవరి వరకు దీని అందానికి సాటి వచ్చేది మన జిల్లాలో మరొకటి లేదు. వనభోజనాలకు, అంటే ముప్పై నలభై మంది బంధువులు కలిసి వండుకుని తిని, ఆటలాడుకుని, సాయంత్రానికి ఇల్లు చేరాలనుకునే సందర్భానికి, నేను తాటిపూడినే ఎంచుతాను. దగ్గర కావడం, పెద్దలు నడవనవసరం లేకుండా వాహనం గట్టుదాకా రావడం, మాటలూ నవ్వులూ వినిపించినా గూడు వదిలి లేచే పక్షులు పక్కనే లేకపోవడం అందుకు కారణాలు.

అయితే రెండు జాగ్రత్తలు. పడవ షికారు ఉంటుందన్న నమ్మకంతో పిల్లలకు మాట ఇచ్చి తీసుకువెళ్ళకండి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం తరువాత రాష్ట్రమంతటా పర్యాటక పడవలు ఆగిపోయాయి, ఆ మీదట కూడా నీటిమట్టాన్నీ అనుమతులనూ బట్టి తిప్పడం, ఆపడం జరుగుతుంటుంది. ముందు రోజే విచారించుకోవాలి. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎంత అందంగా ఉన్నా ఎక్కకూడదు. రెండవది, ఇది తాగే నీరు. కార్తీకమాసపు ఆదివారం సాయంత్రం ఆ గట్టు మీద నడిచినప్పుడు నీటి అంచున తేలే థర్మాకోల్ పళ్ళాలూ నూనె ప్యాకెట్లూ చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. విస్తరాకుల్లో తిని, చెత్తను గోనెసంచిలో వేసి వెంట తెచ్చుకోవడం మన అమ్మమ్మల కాలం నుంచి తెలిసిన పద్ధతే. వంట ఇంటి దగ్గరే చేసుకుని వెళ్తే పొయ్యి, మంట, బూడిద అన్న సమస్య కూడా ఉండదు.

ఇదే దారిలో ఇంకొంత ముందుకు వెళ్తే శృంగవరపుకోట, దాని పక్కన పుణ్యగిరి వస్తాయి. వానాకాలంలో జలధార చూడాలనుకునేవారికి, శివాలయ దర్శనం కూడా కలిసివస్తుంది కనుక పెద్దవారికి నచ్చుతుంది. వేసవిలో ధార సన్నబడుతుంది, మహాశివరాత్రి నాడు జనంలో కొండ కనిపించదు. అంతకంటే చెప్పవలసినది లేదు.

పూట సమయమే ఉంటే

రోజంతా వెచ్చించలేని వారికి విజయనగరంలో రామతీర్థం, శ్రీకాకుళంలో శాలిహుండం ఉన్నాయి. ఈ రెండూ కొండలే, రెండింటిలోనూ బౌద్ధుల ఆనవాళ్ళు ఉన్నాయి, రెండింటి మీద నుంచీ చుట్టుపక్కల పొలాలు విశాలంగా కనిపిస్తాయి. అయినా వీటిని ఒకే తీరు చోట్లనుకుంటే పొరపాటు.

రామతీర్థం విజయనగరానికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల దాటాక ఉంటుంది. సొంత వాహనం లేనివారు బస్సులోనో ఆటోలోనో వెళ్ళిరావచ్చు. ఊళ్ళోని రామాలయం అందరికీ తెలిసినదే. నడక కోసం వెళ్ళేవారు చూడవలసినవి బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ. గురుభక్తులకొండ మీద ఇటుకలతో కట్టిన బౌద్ధ స్తూపాల, విహారాల శిథిలాలు, దుర్గకొండ మీద జైన విగ్రహాలు ఉన్నాయి. నల్లని నున్నని రాతి వాలు, దాని పగుళ్ళలో పెరిగే చెట్లు, కొండ కింద చెరువులు, దూరాన చంపావతి నది వైపు పచ్చదనం, ఇవన్నీ తెల్లవారి ఆరు గంటలకు మెట్ల దగ్గర ఉన్నవారికే దక్కుతాయి. మోకాళ్ళ నొప్పులున్నవారిని పైకి రమ్మని బలవంతపెట్టవద్దు. మా అమ్మ కింద గుడి మండపంలో కూర్చుని మా కోసం ఎదురుచూసిన ఆ రెండు గంటలూ తనకు ఎంతో హాయిగా గడిచాయని ఈనాటికీ చెబుతుంది. శ్రీరామనవమికీ శివరాత్రికీ అక్కడ జనసందోహం ఉంటుంది కనుక ప్రశాంతత కోరేవారు ఆ రోజులు మానుకోవాలి.

శాలిహుండం ఎక్కడం తేలిక. కొండ చిన్నది, దారి బాగుంది, పైకి చేరగానే ఒకవైపు వంశధార వంపులు తిరుగుతూ సముద్రంలో కలవడానికి పోతున్న దృశ్యం కనిపిస్తుంది. ఈ బౌద్ధక్షేత్రాన్ని 1919లో మొదట గుర్తించి లోకానికి తెలిపినవారు వ్యావహారిక భాషోద్యమ నాయకుడైన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. మనం ఈనాడు రాసుకుంటున్న తెలుగుకు దారి వేసిన ఆ మహనీయుడే ఈ కొండకూ దారి చూపారని తెలిసిన పిల్లలు ఆ ఇటుకలను వేరే కళ్ళతో చూస్తారు. అక్కడి నుంచి కళింగపట్నం దగ్గర. ఒకనాటి ఓడరేవు, దీపస్తంభం, వంశధార సముద్రంలో కలిసే చోటు, ఈ మూడింటినీ సాయంకాలం చూసుకుని చీకటిపడేలోగా శ్రీకాకుళం చేరవచ్చు. నది కలిసే చోట సుడులూ, కాలి కింద ఇసుకను లాగేసే ప్రవాహాలూ ఉంటాయి, అక్కడ స్నానానికి దిగడం ప్రాణాంతకం. పాదాలు తడుపుకోవడంతో సరిపెట్టుకోవాలి. రామతీర్థంలో ఒంటికి పని దొరుకుతుంది, శాలిహుండంలో శ్రమ తక్కువ, వైవిధ్యం ఎక్కువ. డెబ్బై దాటిన పెద్దవారూ చంటిపిల్లలూ కలిసి వెళ్తుంటే నేను రెండవదాన్నే ఎన్నుకుంటాను.

బారువ గురించి కూడా ఒక మాట చెప్పాలి. మహేంద్రతనయ సముద్రంలో కలిసే ఆ తీరానికి జనవరి మొదలుకొని ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వేటవలలో చిక్కి చనిపోయిన తాబేలు ఒడ్డున కనిపించే అవకాశం కూడా ఉంది, చిన్నపిల్లలకు ఆ సంగతి చెప్పి తీసుకువెళ్ళడం మంచిది. రాత్రిపూట ఇసుకలో టార్చిలైట్లు వేసుకుని తిరగకూడదు, ఆ వెలుగుకు గుడ్లు పెట్టవలసిన తాబేలు వెనక్కి తిరిగిపోతుంది, గుడ్ల నుంచి బయటికి వచ్చిన పిల్లలు సముద్రానికి బదులు వెలుగు వైపు నడుస్తాయి. ఆ దారిలోని జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతుంటాయి కనుక, పొద్దు వాలిన తరువాత ఫొటోల కోసం తోటల్లోకి దిగవద్దు. సీతంపేట కొండల వైపు, మెట్టుగూడ జలపాతానికో ఆడలి వ్యూపాయింటుకో వెళ్ళాలనుకునేవారు, ఒడిశా నుంచి వచ్చి మన్యంలో తిరుగుతున్న ఏనుగుల గుంపు ఆ రోజు ఎటు ఉందో స్థానికులను అడిగి బయలుదేరాలి.

ఎవరు ఎటు

ఇప్పుడు మొదట చెప్పిన రెండవ ప్రశ్నకు వస్తాను. తేలినీలాపురం ఓపిక ఉన్నవారి చోటు. పదిమందికి మించిన బృందంగా వెళ్తే, ఎంత మంచివారైనా, మాటలు ఆగవు, పక్షులు బెదురుతాయి. ఇద్దరు ముగ్గురు పిల్లలు, ఇద్దరు పెద్దలు, ఒక బైనాక్యులర్, ఒక నోటుపుస్తకం ఉంటే సరి. బడిపిల్లలను తీసుకువెళ్ళే ఉపాధ్యాయులు పిల్లలను చిన్న చిన్న జట్లుగా విడదీసి, ఒక జట్టు టవర్ ఎక్కినప్పుడు మిగతావారు ఒక్కో గూడును ఎంచుకుని అరగంటలో తల్లి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టేలా చేస్తే, తరగతిలో నెల రోజులు చెప్పినా రానిది అక్కడ వస్తుంది. కంబాలకొండ కాళ్ళలో సత్తువ ఉన్నవారిది, తాటిపూడి కుటుంబం మొత్తానిది.

బండి లేనివారికి పక్షులు అందవని అనుకోవద్దు. విజయనగరంలో గాని, ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో గాని పలాస వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కి నౌపడలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. శ్రీకాకుళం కాంప్లెక్సు నుంచి టెక్కలికి బస్సులు విరివిగా ఉన్నాయి. వెళ్ళేటప్పుడే తిరుగు ప్రయాణానికి కూడా ఆటోను మాట్లాడి ఉంచుకోవాలి, ఎందుకంటే పక్షులు గూటికి చేరే సమయమే చూడదగిన సమయం, ఆ వేళకు ఊళ్ళో ఆటోలు దొరకడం కష్టమవుతుంది. కంబాలకొండకు విజయనగరం నుంచి విశాఖ బస్సెక్కి దారిలో దిగవచ్చు గాని, ఎక్కే ముందు ఆ బస్సు మధురవాడ, ఎండాడ మీదుగా వెళ్తుందో లేదో కండక్టరును అడగండి.

ఏ చోటికి వెళ్ళినా మనిషికి రెండు లీటర్ల చొప్పున నీళ్ళు, టోపీ, ఉప్పూ పంచదారా కలిపిన పొట్లం, పాత చీరముక్క ఒకటి తప్పక ఉండాలి. చీరముక్క కూర్చోవడానికీ, దెబ్బ తగిలితే కట్టు కట్టడానికీ, పిల్లవాడు నిద్రపోతే కప్పడానికీ పనికివస్తుంది. ముదురు ఆకుపచ్చో మట్టిరంగో బట్టలు వేసుకుంటే పక్షులు మన ఉనికిని అంతగా పట్టించుకోవు.

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల మీకు ఒకే ఒక్క ఆదివారం దొరికి, వెంట వచ్చేవారు నలుగురైదుగురే అయితే, మరేమీ ఆలోచించకుండా తేలినీలాపురం వెళ్ళండి. విజయనగరం వారు తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరితే ఏడున్నరకల్లా చెట్ల కింద ఉంటారు. తొమ్మిదిన్నరదాకా చూసి, నౌపడ తంపర దగ్గర ఒక గంట ఆగి, టెక్కలిలో టిఫిను చేసి, తిరుగు దారిలో శ్రీకాకుళం నుంచి శాలిహుండం వైపు మళ్ళితే మధ్యాహ్నపు ఎండ తగ్గేవేళకు కొండ మీద ఉండవచ్చు, వంశధార మీద పొద్దు వాలేదాకా చూసి రాత్రి భోజనానికి ఇల్లు చేరవచ్చు.